విద్యుత్ కార్ల ఛార్జింగ్ కేంద్రం: లాభనష్టాల లెక్క

విద్యుత్తుతో నడిచే వాహనాల బ్యాటరీలను రుసుము తీసుకొని ఛార్జి చేసే స్థలాన్ని ఛార్జింగ్ కేంద్రం అంటారు. 2024 డిసెంబరు నాటికి భారతదేశంలో ఇటువంటి సార్వజనిక కేంద్రాలు 25,202 ఉండగా, వాటిలో 5,765 కర్ణాటకలోను, 3,728 మహారాష్ట్రలోను ఉన్నాయి. సరిహద్దు తెలుగు పల్లెలు అనేకం జాతీయ రహదారులకు దగ్గరగా ఉన్నాయి. బాగేపల్లి మీదుగా 44వ నంబరు రహదారి, హుమ్నాబాద్ మీదుగా 65వది, బరంపురం మీదుగా 16వది, యానాం మీదుగా 216వది సాగుతున్నాయి. రోడ్డు పక్కన స్థలం ఉన్న కుటుంబాలకు ఈ వ్యాపారంపై ఆశ కలగడం సహజం. అయితే ఉన్న కాస్త భూమిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చే ముందు దీని లెక్క ఎలా ఉంటుందో తెలుసుకోవడం అవసరం.

లైసెన్సు, కనెక్షను

బ్యాటరీని ఛార్జి చేయడం విద్యుత్తును అమ్మడం కాదనీ, అది ఒక సేవ మాత్రమేననీ కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. కావున 2003 విద్యుత్ చట్టం కింద దీనికి ప్రత్యేక లైసెన్సు అక్కరలేదు. నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటిస్తూ ఎవరైనా కేంద్రాన్ని నెలకొల్పవచ్చు.

వ్యవసాయానికి ఇచ్చిన కనెక్షను నుండి ఛార్జింగ్ యంత్రానికి తీగ లాగడం మాత్రం నేరుగా ఇబ్బందికి దారితీస్తుంది. మంజూరైన పనికి గాక మరొక పనికి విద్యుత్తు వాడితే, అదే చట్టంలోని 126వ సెక్షను ప్రకారం వర్తించే ధరకు రెట్టింపు వసూలు చేస్తారు. సాగుభూమిని వాణిజ్య అవసరానికి మార్చుకోవడానికి రెవెన్యూ శాఖ అనుమతి, జాతీయ రహదారి నుండి లోనికి దారి తీయడానికి రహదారుల శాఖ అనుమతి కూడా తీసుకోవాలి.

కరెంటు ధర

విద్యుత్ ధరను ఆయా రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు నిర్ణయిస్తాయి. యానాం పుదుచ్చేరిలో భాగం గనుక దానికి గోవా, కేంద్రపాలిత ప్రాంతాల ఉమ్మడి మండలి ధరలు వర్తిస్తాయి. అందువల్ల ఒకే రోడ్డుపై సరిహద్దుకు అటు ఒక ధర, ఇటు ఒక ధర ఉండవచ్చు. పొరుగు రాష్ట్రంలోని బంధువు చెప్పిన లెక్క ఇక్కడ సరిపోదు.

2024 సెప్టెంబరులో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాలు ఉదయం 9 గంటల నుండి సాయంత్రం 4 గంటల వరకు సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు, మిగిలిన వేళల్లో 1.3 వంతు వసూలు చేయాలని సూచించాయి. ఈ పద్ధతి అమలైన చోట పగటిపూట వచ్చే కార్ల వలన మిగులు ఎక్కువ, రాత్రి వచ్చే వాటి వలన తక్కువ.

పన్నును కూడా గమనించాలి. ఛార్జింగ్ సేవపై 18 శాతం జి.ఎస్.టి. వర్తిస్తుందని కర్ణాటక ముందస్తు తీర్పుల సంస్థ 2023లో తేల్చింది. కొనే కరెంటుపై జి.ఎస్.టి. లేదు గనుక దానికి తిరిగి వచ్చే పన్ను మినహాయింపు కూడా ఉండదు.

ఒక ఉదాహరణ

ఈ క్రింది అంకెలు లెక్క తెలియడానికి ఊహించుకొన్నవి. ఎవరికి వారు తమ ఊరి ధరలు వేసుకొని చూసుకోవాలి.

60 కిలోవాట్ల వేగవంతమైన యంత్రం ఒకటి, ట్రాన్స్‌ఫార్మరు, తీగలు, రేకుల షెడ్డు కలిపి 15 లక్షల రూపాయలు ఖర్చయినవనుకొందాం. యూనిట్‌కు వాహనదారు చెల్లించేది 20 రూపాయలు. అందులో పన్ను పోగా మిగిలేది 16 రూపాయల 95 పైసలు. కరెంటు యూనిట్ 8 రూపాయలైతే, యంత్రంలో కలిగే నష్టంతో అది సుమారు 8 రూపాయల 70 పైసలకు చేరుతుంది. యాప్, చెల్లింపుల రుసుముకు మరో రూపాయి పావలా తీసివేస్తే చేతికి మిగిలేది 7 రూపాయలు.

యంత్రం రోజుకు 2 గంటలు పూర్తి శక్తితో పనిచేస్తే 120 యూనిట్లు అమ్ముడవుతాయి. నెలకు ఆదాయం 25,200 రూపాయలు. కాపలా మనిషి జీతం 12,000, మరమ్మతులు, ఇతర ఖర్చులు 5,000, అప్పుపై 12 శాతం వడ్డీ 15,000 కలిపి 32,000 రూపాయలు. అనగా నెలకు 6,800 రూపాయల నష్టం; అసలు తీర్చడం ఇంకా మొదలే కాలేదు.

అదే యంత్రం 5 గంటలు పనిచేస్తే ఆదాయం 63,000 రూపాయలు అవుతుంది. ఖర్చులు పోగా 31,000 మిగులుతుంది. పెట్టుబడి సుమారు 4 సంవత్సరాలలో తిరిగి వస్తుంది. రెండింటికీ నడుమ ఖర్చులకు సరిపోయే స్థాయి దాదాపు రెండున్నర గంటలు. బ్యాటరీ 80 శాతం నిండిన తర్వాత కారు విద్యుత్తును నెమ్మదిగా తీసుకొంటుంది గనుక, రెండున్నర గంటల అమ్మకానికి యంత్రం వద్ద కార్లు అంతకన్న ఎక్కువ సేపు నిలవాలి.

పక్కనున్న వ్యాపారం

కారు ఛార్జి అయ్యేలోగా ప్రయాణికులు అరగంటో గంటో ఆగుతారు. ఆ సమయంలో వారు తాగే టీ, తినే టిఫిను వలన కూడా రాబడి ఉంటుంది. అయితే దీనినీ అతిగా అంచనా వేయరాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జరిపిన ఒక అధ్యయనం 2024లో వెలువడింది. కొత్త ఛార్జింగ్ కేంద్రం వచ్చిన తర్వాత సమీపంలోని దుకాణాలలో కొనుగోళ్లు 2019లో 1.4 శాతం, 2021 జనవరి నుండి 2023 జూన్ వరకు 0.8 శాతం పెరిగాయని అందులో తేలింది. పెరుగుదల ఉన్నమాట నిజమే కాని అది కొద్దిపాటిది.

ఇప్పటికే హోటలు, ధాబా, పెట్రోలు బంకు ఉన్నవారికి వేరే కాపలా జీతం ఉండదు, స్థలం సొంతం, దారి సిద్ధంగా ఉంటుంది. పై ఉదాహరణలో జీతం 12,000 తీసివేస్తే 2 గంటల వాడకంతోనే నష్టం పోయి 5,200 మిగులుతుంది. ఖాళీ స్థలంలో యంత్రం ఒక్కటే పెట్టి కూర్చొన్నవారికి ఈ వెసులుబాటు లేదు.

లాడ్జీలు, కల్యాణ మండపాల వారికి చిన్న యంత్రాలే మేలు. 7.2 కిలోవాట్ల యంత్రం 30 యూనిట్ల బ్యాటరీని నాలుగైదు గంటలలో నింపుతుంది. రాత్రి బస చేసేవారికి అది చాలు. పెట్టుబడి వేగవంతమైన యంత్రంతో పోలిస్తే చాలా స్వల్పం.

స్థలం ఇచ్చేవారు చూడవలసినవి

సొంత పెట్టుబడి వద్దనుకొనేవారు స్థలాన్ని కంపెనీకి అద్దెకో, యూనిట్‌కు ఇంత వాటా చొప్పుననో ఇవ్వవచ్చు. ప్రభుత్వ స్థలాలకు కేంద్ర మార్గదర్శకాలు సూచించిన వాటా యూనిట్‌కు 1 రూపాయి. రోజుకు 120 యూనిట్లు అమ్మితే నెలకు వచ్చేది 3,600 రూపాయలు మాత్రమే. కావున వాటాతో పాటు కనీస అద్దె కూడా రాయించుకోవడం మంచిది.

ఒప్పందంలో గడువు ఎన్ని సంవత్సరాలు, కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తుంది, కంపెనీ మధ్యలో వెళ్లిపోతే ట్రాన్స్‌ఫార్మరు ఎవరిది అన్న మూడు విషయాలు తప్పక ఉండాలి. ఒప్పందం కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ, ఆంగ్లం – ఏ భాషలో ఉన్నా, తెలిసినవారి చేత ప్రతి షరతును తెలుగులో చెప్పించుకొన్న తర్వాతే సంతకం చేయాలి. "నెలకు ఇంత గ్యారంటీ" అంటూ ముందుగా డిపాజిట్ అడిగేవారి వద్ద, ఆ హామీని ఒప్పందంలో రాయించుకోనిదే డబ్బు కట్టరాదు.

నిర్ణయానికి ముందు ఒక వారం రోజులు తమ స్థలం ముందు ఎన్ని విద్యుత్ కార్లు వెళ్తున్నాయో, సమీప కేంద్రం ఎంత దూరంలో ఉన్నదో, అక్కడ రోజుకు ఎన్ని కార్లు ఆగుతున్నాయో రాసి చూసుకోవాలి. విద్యుత్ కార్లలో పచ్చ నంబరు పలక ఉంటుంది గనుక బడి పిల్లలు సైతం లెక్కించగలరు. ఆ సంఖ్య రోజుకు రెండున్నర గంటల అమ్మకానికి సరిపోకపోతే, అప్పు చేసి పెద్ద యంత్రం పెట్టడం కన్న వేచి ఉండడమే క్షేమం.