లెక్క అడిగే హక్కు: దిగువ కృష్ణా డెల్టాలో పంచాయతీరాజ్ సంస్కరణలు (1959–1994)

స్థానిక పాలన చరిత్రను అధికార వికేంద్రీకరణ చరిత్రగా వివరించడం పరిపాటి. ఆ అధికారాన్ని పరిశీలించే హక్కు ఎవరికి సంక్రమించిందన్నది అంతే ముఖ్యమైన ప్రశ్న. మచిలీపట్నం కేంద్రంగా గల కృష్ణాజిల్లా దిగువ డెల్టా నేపథ్యంలో ఈ ప్రశ్నను మూడు దశలలో పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం.

బల్వంతరాయ్ మెహతా సంఘం సిఫార్సుల (1957) ననుసరించి 1959 నాటి చట్టం పంచాయతీ సమితులను, జిల్లా పరిషత్తులను ఏర్పరచింది. అభివృద్ధి పనులు సమితులకు, వాటి పర్యవేక్షణ పరిషత్తుకు దక్కాయి. అయితే పరిషత్తు స్థాయీసంఘాలకు జిల్లా కలెక్టరే అధ్యక్షుడు.

గుడివాడ నుంచి 1983, 1985 ఎన్నికలలో గెలుపొందిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాల స్థానంలో మండలాలను నెలకొల్పింది. దివిసీమలో అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి మండల కేంద్రాలయ్యాయి. కార్యాలయం గ్రామానికి చేరువైంది. 1986 నాటి చట్టం మండల, జిల్లా అధ్యక్షులకు ప్రత్యక్ష ఎన్నికలు కల్పించింది. కాని అదే చట్టం ఏర్పరచిన జిల్లా అభివృద్ధి సమీక్షా మండలికి మంత్రి అధ్యక్షత వహించేవాడు. అంటే పరిశీలనాధికారం కలెక్టరు నుంచి మంత్రికి మారినదే గాని గ్రామానికి దిగలేదు.

73వ రాజ్యాంగ సవరణ (1993) గ్రామసభకు రాజ్యాంగ ప్రతిపత్తి నిచ్చింది. 1994 నాటి రాష్ట్ర చట్టం పంచాయతీ వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక గ్రామసభ ముందుకు రావాలని నిర్దేశించింది. ఈ దశలో పరిశీలనకు చట్టరీత్యా గ్రామంలో చోటు ఉంది.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూచిన దివిసీమలో ఈ నిబంధన విలువ స్పష్టం. అక్కడ రోడ్డు, మురుగుకాలువ ఏ స్థితిలో ఉన్నవో ముందుగా ఎరిగేది వాటి చెంత నివసించేవారే. కనుక వికేంద్రీకరణకు గీటురాయి అధ్యక్షుని ఎన్నిక మాత్రమే కాదు. గ్రామసభలో లెక్క చదివి వినిపించడం, దానిపై ప్రశ్నకు సమాధానం రావడం.