గుమ్మటం కట్టిన చేయి

రైన్ నది ఒడ్డున ఉన్న వాడుజ్ పట్నం నుంచి కొండదారి పట్టి, ట్రీసెన్‌బెర్గ్ ఊరు దాటి ఇంకా పైకి ఎక్కితే గాఫ్లై వస్తుంది. సముద్ర మట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తు. అక్కడ నిలబడితే లోయంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. లిక్టెన్‌స్టైన్ దేశం మొత్తం 160 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర ఒక మండలమంత. 1930లలో అక్కడి జనాభా పదివేలు, అటూ ఇటూగా. ఎవరింటికి చుట్టం వచ్చాడో సాయంత్రానికి దేశమంతా తెలిసిపోయేంత చిన్నది.

1933 ఏప్రిల్ 5న ఆ కొండ మీద నుంచి ఇద్దరు మనుషులు పడి చనిపోయారు. అదే రోజు మూడో మనిషి కూడా పడిపోయాడు, కొండ మీద నుంచి కాదు. ఆయన చావలేదు, మరో ఇరవై ఏళ్లు బతికాడు. ఆయన పేరు ఫ్రాంజ్ రోకెల్. ఆ చిన్న దేశం కన్న పెద్ద వాస్తుశిల్పి.

రోకెల్ 1879లో వాడుజ్‌లో పుట్టాడు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో చదువుకున్న కుర్రాడికి బతుకుతెరువు కావాలంటే సరిహద్దు దాటాల్సిందే. రోకెల్ జర్మనీ వెళ్లాడు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్థిరపడ్డాడు. అక్కడి యూదులలో ఉదారవాద వర్గం తమ కోసం ఒక పెద్ద ప్రార్థనామందిరం కట్టుకోదలిచింది. ఆ పని ఈ కొండ ప్రాంతపు కుర్రాడికి దక్కింది. 1910 సెప్టెంబర్‌లో ఆ మందిరం తలుపులు తెరిచేనాటికి ఆయనకు ఇంకా 31 ఏళ్లు నిండలేదు.

ఇల్లు కట్టి చూడమన్నారు మనవాళ్లు. ఇతరుల దేవుడికి ఇల్లు కట్టడం ఇంకా కష్టం. ఆ మనుషులు ఎలా నిలబడతారు, ఎటు తిరిగి ప్రార్థిస్తారు, ఏ మాట దగ్గర తల వంచుతారు, ఇవన్నీ తెలుసుకుంటే గాని గోడ లేవదు. రోకెల్ ఆ గోడలకు ప్రాచీన అసిరియా, ఈజిప్టు కట్టడాల ఛాయ తెచ్చాడు. మీద బరువైన గుమ్మటం నిలిపాడు. వెస్టెండ్ సినగాగ్ అని దాని పేరు. ఫ్రాంక్‌ఫర్ట్ యూదులు ఆయన చేతికి తమ గర్భగుడిని అప్పగించారు. ఆ చేయి ఆ రోజు తప్పు చేయలేదు.

తర్వాత ఆయనకు పనికి కొదవ లేదు. 1924లో ఫ్రాంక్‌ఫర్ట్ సామాజిక పరిశోధనా సంస్థకు భవనం కట్టాడు. దానికి డబ్బిచ్చింది వైల్ అనే యూదు ధాన్యవ్యాపారి కుటుంబం. తరువాత ప్రపంచం ఫ్రాంక్‌ఫర్ట్ స్కూల్ అని పిలిచిన మేధావుల బృందం మొదట కూర్చున్నది ఆ గదుల్లోనే. ఎర్నెస్ట్ మే నాయకత్వంలో ఆ నగరం సామాన్యులకు వేల ఇళ్లు కడుతున్నప్పుడు అందులో ఒక పెద్ద కాలనీ రోకెల్ గీసిందే. సొంత ఊరు కూడా ఆయన్ని మరవలేదు. వాడుజ్ పురపాలక భవనం ఆయన చేతే కట్టించుకుంది. ఆ పని నడిచింది 1932, 33లలో. 1933 అన్న సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు కొండ మీద నుంచి పడిన వాళ్ల కథకు వద్దాం.

ఆల్‌ఫ్రెడ్, ఫ్రిట్జ్ అన్నదమ్ములు. లైప్‌జిగ్‌లో యూదు వ్యాపారి ఇంట్లో పుట్టారు. అసలు ఇంటిపేరు షాయె. నాటకరంగంలోకి వచ్చాక రోటర్ అని పెట్టుకున్నారు. బెర్లిన్‌లో ఒక్కో థియేటరూ తీసుకుంటూ పోయి, ఒక దశలో తొమ్మిదింటిని నడిపించారు. పత్రికల్లోని పెద్ద విమర్శకులకు వాళ్లంటే చిన్నచూపు. కళ కాదు, కొట్టు నడుపుతున్నారని ఎత్తిపొడుపు. అన్నదమ్ములు పట్టించుకోలేదు. సగం ధర కూపన్లు ఊరంతా పంచారు, పేరున్న గాయకులకు అడిగినంత ఇచ్చారు, హాళ్లు నింపారు.

1928లో ఫ్రాంజ్ లెహార్ సంగీతనాటకం 'ఫ్రీడెరికె', 1929లో ఆయనదే 'చిరునవ్వుల సీమ' వాళ్ల మెట్రోపోల్ థియేటర్‌లో ఆడాయి. రిచర్డ్ టౌబర్ పాట ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ అని వదిలేవారు కాదు. ఆయన మళ్లీ పాడేవాడు, మళ్లీ పాడేవాడు. ఆ రాత్రుల్లో తెరవెనుక నిలబడి చప్పట్లు వింటున్న అన్నదమ్ములకు, కింద నేల కదులుతోందన్న సంగతి వినిపించి ఉండదు.

నేల కదిలింది. 1929 చివర ఆర్థిక మాంద్యం వచ్చింది. 1932 నాటికి జర్మనీలో నిరుద్యోగులు అరవై లక్షలు. టాకీ సినిమా వచ్చి నాటకాల జనాన్ని లాక్కుంది. ఒక థియేటర్ నష్టం మరో థియేటర్ వసూళ్లతో పూడ్చడం, ఆ గొయ్యికి ఇంకో చోట అప్పు తేవడం. 1932 డిసెంబర్ 23న పాల్ అబ్రహాం సంగీతంతో 'సవాయ్‌లో నాట్యోత్సవం' మొదలైంది. హాలు హోరెత్తింది. ఆరిపోయే ముందు దీపం పెద్దగా వెలుగుతుందంటారు. నెల తిరక్కుండానే, 1933 జనవరిలో, రోటర్ సంస్థ దివాలా తీసింది. ఆ నెలాఖరునే హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు.

దివాలా తీసిన వ్యాపారులు అప్పుడు బెర్లిన్‌లో కోకొల్లలు. ఈ ఇద్దరు మాత్రం యూదులు. అప్పులవాళ్ల ఫిర్యాదు కాస్తా జాతి మీద అభియోగం అయింది. నాజీ పత్రికలు వాళ్ల బొమ్మలు వేసి, జర్మనుల సొమ్ము దోచుకుని పారిపోయిన దొంగలన్నాయి. అన్నదమ్ములు వెళ్లింది లిక్టెన్‌స్టైన్‌కు. రెండేళ్ల ముందు, 1931లో, మౌరెన్ అనే గ్రామం పేరు మీద వాళ్లు ఆ దేశ పౌరసత్వం తీసుకుని ఉన్నారు.

ఆ పౌరసత్వం వెనక ఆ దేశపు పేదరికం ఉంది. 1927లో రైన్ కట్ట తెగి పొలాలూ ఊళ్లూ మునిగాయి. మరుసటి ఏడాది దేశపు పొదుపు బ్యాంకులో కుంభకోణం బయటపడి ఖజానా ఖాళీ అయింది, ప్రభుత్వం కూలింది. అమ్ముకోవడానికి గనులు లేని దేశం తన పౌరసత్వాన్ని డబ్బున్న పరదేశీయులకు రుసుము మీద ఇచ్చింది. తీసుకున్నవాళ్లకు అది గొడుగు, ఇచ్చినవాళ్లకు కట్ట పూడ్చుకునే మట్టి. ఆ డబ్బు చేదు కాలేదు. తీసుకున్న మనుషులు గొడుగు విప్పుకుని నిజంగా వచ్చి నిలబడితే మాత్రం కొందరికి చేదయింది.

జర్మనీ వాళ్లను అప్పగించమని అడిగింది. సొంత పౌరులను పరాయి దేశానికి అప్పగించడం తమ చట్టంలో లేదని వాడుజ్ ప్రభుత్వం నిలబడింది. అంత దగ్గర్లో కొండంత జర్మనీ ఉండగా ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆనాటి రాజు మొదటి ఫ్రాంజ్, ఆయన భార్య ఎల్సా యూదు కుటుంబంలో పుట్టిన ఆడపడుచు. చట్టం వాళ్ల వైపు ఉంది, ప్రభుత్వం ఉంది, రాణి పుట్టిల్లు కూడా వాళ్ల వైపే. ఊళ్లో నలుగురు మాత్రం లేరు.

నాజీల మీద మోజు పెంచుకున్న ఆ నలుగురూ లిక్టెన్‌స్టైన్ వాళ్లే. ఒకడు గాఫ్లై హోటల్ నడిపే రుడాల్ఫ్ షేడ్లర్. ఒకడు ఫ్రాంజ్ రోకెల్. జర్మనీలోని కాన్‌స్టాన్స్ నుంచి కొందరు జర్మన్లను పిలిపించుకున్నారు. చట్టం అప్పగించనివాళ్లను పట్టుకెళ్లి సరిహద్దు దాటించాలని పన్నాగం. అప్పటికి రోకెల్ వయసు 53. కుర్రతనం అనడానికి లేదు. చదువు లేదనడానికి లేదు. యూదులంటే ఎవరో ఎరగడనడానికి అసలే లేదు. ఆ ఏడాది మార్చిలోనే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన కట్టిన పరిశోధనా సంస్థను నాజీ పోలీసులు మూయించారు. తన కట్టడానికి తాళం వేసినవాళ్ల పనికే ఆయన చేయి అందించాడు.

ఏప్రిల్ 1న జర్మనీ అంతటా యూదుల దుకాణాల బహిష్కరణ జరిగింది. నాలుగు రోజుల తర్వాత ఆల్‌ఫ్రెడ్, ఆయన భార్య గెర్‌ట్రూడ్, ఫ్రిట్జ్, వాళ్లతో ఉన్న ఒక స్నేహితురాలు, ఈ నలుగురినీ మాయమాటలతో గాఫ్లైకి రప్పించారు. పిలిచినవాడు ఊరివాడు, హోటల్ ఆయనది. నమ్మకపోవడానికి కారణం ఏముంది? తీరా పైకి చేరాక మీదపడ్డారు. వాళ్లు తిరగబడ్డారు, పరుగు తీశారు. ఆల్‌ఫ్రెడ్, గెర్‌ట్రూడ్ ఆ పరుగులో కొండ అంచు నుంచి జారిపడి ప్రాణాలు విడిచారు. ఫ్రిట్జ్, ఆ స్నేహితురాలు గాయాలతో తప్పించుకున్నారు.

జూన్‌లో వాడుజ్‌లో విచారణ జరిగింది. నలుగురు స్థానికులకు పడిన శిక్షలు నాలుగు నెలల నుంచి ఒక సంవత్సరం వరకు. రెండు నిండు ప్రాణాలు, ఆ లెక్కలో. ఊరు చిన్నదైతే న్యాయం కూడా చుట్టరికం చూసుకుంటుందేమో అనిపిస్తుంది. ముద్దాయిలు రేపు పొద్దున కూడా ఎదురుపడతారు. చచ్చిపోయినవాళ్లు ఎదురుపడరు.

ఫ్రిట్జ్ ఫ్రాన్స్ వెళ్లాడు. ఒకప్పుడు తొమ్మిది థియేటర్ల తాళాలు అన్నతో పంచుకున్నవాడు 1939లో కోల్మార్ జైల్లో చనిపోయాడు. 'చిరునవ్వుల సీమ'కూ, 'సవాయ్‌లో నాట్యోత్సవం'కూ పాటలు రాసినవారిలో ఒకడైన ఫ్రిట్జ్ లోనర్ బేడా 1942లో ఆష్‌విట్జ్‌లో హతమయ్యాడు. ఆ పాటలకు వన్స్‌మోర్ అన్న ఊరు ఆ కవిని వెనక్కి పిలవలేదు.

ఇక ఆ గుమ్మటం. 1938 నవంబర్‌లో నాజీలు జర్మనీలోని సినగాగులను తగలబెట్టినప్పుడు వెస్టెండ్ సినగాగ్‌కూ నిప్పు పెట్టారు. పక్కనే ఇళ్లున్నాయి, మంటలు పాకుతాయన్న భయంతో ఆర్పారు. లోపల నాశనమైంది, గోడలూ గుమ్మటమూ మిగిలాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని నాలుగు పెద్ద సినగాగుల్లో నిలిచింది ఇదొక్కటే. పరిశోధనా సంస్థ భవనం బాంబుల్లో పోయింది. యూదులు కట్టించుకున్న మందిరం యూదులు లేకుండా ఉండిపోయింది. యుద్ధకాలంలో దాన్ని గోడౌనుగా వాడుకున్నారు. ఆ నగరపు ఒపెరా సామాను అందులో దాచారు.

ఈ సంగతి దగ్గర మనసు ఆగిపోతుంది. నాటకాల సరంజామాకు రోకెల్ గుమ్మటం కింద నీడ దొరికింది. నాటకాలతో బెర్లిన్‌ను ఊపేసిన మనుషులకు రోకెల్ సొంత ఊళ్లో నీడ దొరకలేదు. దొరికిన నీడను కూడా ఆయనే లాగేశాడు.

1950 సెప్టెంబర్‌లో ఆ మందిరాన్ని మళ్లీ ప్రార్థనకు తెరిచారు. బతికి బట్టకట్టిన కొద్దిమంది ఆ గుమ్మటం కింద నిలబడి, పోయినవాళ్ల కోసం ప్రార్థించారు. నలభై ఏళ్ల కిందట తమ పెద్దలు ఎటు తిరిగి నిలబడతారో తెలుసుకుని రోకెల్ కట్టిన గోడ వైపే తిరిగి నిలబడ్డారు. రోకెల్ అప్పటికి బతికే ఉన్నాడు. 1953లో పోయాడు.