పాత కార్ల అద్దములు ఏల మసకబారును?

1920, 1930 దశకముల నాటి మోటారు కార్లను భద్రపరచి, బాగుచేసి నడుపుకొను అభిమానులు అనేక దేశములలో కలరు. ఇంజను నడుచును, రంగు మెరయును. కాని ముందు అద్దము మాత్రము అంచుల వద్ద పసుపెక్కి, లోపల బుడగలు లేచి, మబ్బు పట్టినట్లుండును. ఎంత తుడిచినను పోదు. ఏలనన ఆ మసక గాజుకు పట్టినది కాదు. రెండు గాజుల నడుమ నున్న పొరకు పట్టినది.

తొలి కార్లలో సామాన్యపు కిటికీ గాజునే వాడిరి. ప్రమాదము జరిగినపుడు అది కత్తులవంటి ముక్కలై ప్రయాణికుల ముఖములను చీల్చెడిది. 1903లో ఫ్రాన్సులో ఎడ్వర్డ్ బెనెడిక్టస్ అను రసాయనజ్ఞుడు (ఆయన చిత్రకారుడు కూడ) ఒక గాజు కుప్పెను జారవిడిచెననియు, అది బీటలు వారినను ముక్కలు విడిపోలేదనియు చెప్పుదురు. అందులో పూర్వము పోసిన కొలోడియన్ ఆరిపోయి, లోపలి గోడకు సన్నని పొరగా అంటుకొని యుండెనట. కొలోడియన్ అనగా సెల్యులోజు నైట్రేటు ద్రావణము. 1909లో ఆయన రెండు గాజుపలకల నడుమ ఇట్టి పొరను అతికించు పద్ధతికి పేటెంటు పొందెను. మూడు పొరలు గనుక ‘ట్రిప్లెక్స్’ అను పేరు వచ్చెను. మొదటి ప్రపంచ యుద్ధములో విషవాయు ముసుగుల కంటి అద్దములకు ఇది ఉపయోగపడెను. 1927 చివర వెలువడిన ఫోర్డు ‘మోడల్ ఎ’ కారు ముందు అద్దము ఈ జాతిదే.

ప్రాణములు కాపాడిన ఈ పొరకు ఒక బలహీనత కలదు. సెల్యులోజు నైట్రేటు తుపాకిమందుగా వాడు దూదికి దగ్గరి చుట్టము. అతినీలలోహిత కిరణములు తగిలినపుడు అది మెల్లగా విచ్ఛిన్నమై నత్రజని ఆక్సైడులను విడుచును. అవి తేమతో కలిసి ఆమ్లమగును. ఆ ఆమ్లము మిగిలిన పొరను మరింత వేగముగా చెరచును. తరువాత వచ్చిన సెల్యులోజు అసిటేటు వెలుతురుకు ఓర్చినను చలికి పెళుసెక్కెడిది. 1930 దశకము చివర పాలివినైల్ బ్యూటిరాల్ వచ్చిన పిమ్మటనే చిక్కు చాలవరకు తీరెను. నేటికిని ముందు అద్దములలో ఎక్కువగా వాడునది అదియే.

పొర చెడిన అద్దమును పూర్వస్థితికి తెచ్చు మార్గము లేదు. అదృష్టవశమున ఆనాటి అద్దములు చాలవరకు చదునైనవి. కావున కొత్త పొర గాజును అదే కొలతకు కోయించి బిగింతురు. పాత మసక కూడ చరిత్రయే యని దానిని తీయనొల్లని వారు కొందరు కలరు. ప్రదర్శనశాలలో నిలుపు బండికి ఈ వాదము చెల్లును గాని రోడ్డుమీద చెల్లదు. రాత్రివేళ ఎదుటి దీపపు కాంతి ఆ బుడగలలో చెదరి దారిని కప్పివేయును.

గాజు పైముఖమున పట్టిన మసక వేరు. నీరు ఏళ్లతరబడి నిలిచినచో, అందలి హైడ్రోజను అయానులు గాజులోని సోడియం అయానుల స్థానము నాక్రమించును. బయటపడిన సోడియం ఆ నీటిని క్షారముగా మార్చును; క్షారము సిలికానే కొరుకును. ఇట్టి మచ్చలను, సన్నని గీతలను సీరియం ఆక్సైడు పొడిని నీటితో కలిపి ఫెల్టు బిళ్లతో రుద్ది పోగొట్టవచ్చును. పూర్వము ఇందుకు ఇనుప ఆక్సైడు వాడెడివారు. సీరియం ఆక్సైడు గాజును ఒరయుటయే గాక దానితో రసాయనిక చర్య కూడ జరుపును. అందుచే పని త్వరగా సాగును. సీరియం లభించు మోనజైటు ఖనిజము భీమునిపట్నము తీరపు ఇసుకలో కూడ కలదు.

రుద్దునపుడు నీరు ఆరనీయరాదు. వేడెక్కిన గాజు పగులును. గోటికి తగులునంత లోతైన గీతను మాత్రము ఇట్లు తీయబోవుట మంచిది కాదు. అచ్చట గాజు పల్లమై, దాని గుండ చూచిన రోడ్డు వంకరగా కనబడును.