లేజర్ గీత (పలుచని పొర సోలార్ ప్యానెళ్లు)

గాజు పలక మీద పరిచిన సోలార్ పొరను సన్నటి గీతలతో సెల్‌లుగా విడదీసి, ఆ గీతలతోనే వాటిని సీరీస్‌లో కలిపే తయారీ పద్ధతి ఇది. అమార్ఫస్ సిలికాన్, కాడ్మియం టెల్యూరైడ్ ప్యానెళ్లలో దీన్ని వాడతారు. మామూలు సిలికాన్ ప్యానెల్‌లో సెల్‌లను విడిగా చేసి రిబ్బన్‌తో టంకం పెడతారు. ఇక్కడ సెల్‌కూ సెల్‌కూ మధ్య తీగ ఉండదు.

సీరీస్ అవసరం ఏమిటో విజయవాడ ఆటోనగర్‌లో లారీల వైరింగ్ చేసేవారికి బాగా తెలుసు. రెండు 12 వోల్టుల బ్యాటరీల్లో ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలిపి 24 వోల్టులు తెస్తారు. వోల్టేజీ రెట్టింపైతే అదే పనికి సగం కరెంటు చాలు, కేబుల్ అంత లావు ఉండనక్కర్లేదు. సోలార్ పొర దగ్గర ఈ లెక్క మరీ తీవ్రం. ఫస్ట్ సోలార్ కంపెనీ సిరీస్ 6 ప్యానెల్ సుమారు 2.5 చదరపు మీటర్లు ఉంటుంది. దాన్ని ఒకే సెల్‌గా వదిలేస్తే మంచి ఎండలో 600 ఆంపియర్లకు పైగా పుడతాయి, వోల్టేజీ మాత్రం ఒక వోల్టుకు లోపే. అంత కరెంటును మోయబోతే పారదర్శక వాహక పొరలో చాలా భాగం వేడిగా పోతుంది. అందుకే దాన్ని 264 సెల్‌లు చేశారు. కరెంటు సుమారు రెండున్నర ఆంపియర్లకు దిగుతుంది, వోల్టేజీ దాదాపు 200కు పెరుగుతుంది.

పెద్ద చేనుకు గట్లు వేసి మడులు చేసినట్టే ఈ విభజన. ప్రతి సరిహద్దులో మూడు గీతలు పక్కపక్కనే పడతాయి. అమార్ఫస్ సిలికాన్‌లో మొదటిది గాజు మీది వాహక పొరను చీలుస్తుంది. దాని మీద సిలికాన్ పొర పరిచాక రెండో గీత ఆ పొరను మాత్రమే తొలగిస్తుంది. తర్వాత వేసే లోహపు పూత ఈ సందులోకి దిగి కింది వాహక పొరను తాకుతుంది. ఒక సెల్ వెనుక భాగం పక్క సెల్ ముందు భాగంతో కలిసేది ఇక్కడే. నా దృష్టిలో ఈ పద్ధతికి ప్రాణం రెండో గీతే. మూడోది పై లోహాన్ని విడదీస్తుంది. మూడూ కలిసి ఆక్రమించే పట్టీలో కరెంటు పుట్టదు కాబట్టి దాన్ని 200-300 మైక్రాన్లలోపు ఉంచడానికి తంటాలు పడతారు.

ఏ పొరను తాకాలో లేజర్ కాంతి రంగే నిర్ణయిస్తుంది. 1064 నానోమీటర్ల పరారుణ కాంతి గాజును దాటి వాహక పొరలో ఇంకుతుంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి గాజునూ, వాహక పొరనూ దాటిపోయి సిలికాన్‌లో ఇంకుతుంది. మూడో గీతలో ఆ సిలికాన్ క్షణంలో ఆవిరై, మీదున్న లోహాన్ని పెకిలించేస్తుంది. పలకను తిప్పకుండా గాజు వైపు నుంచే కోయగలగడం ఇందువల్లే. సీఐజీఎస్ (రాగి, ఇండియం, గాలియం, సెలీనియం) పొరల్లో వేడికి అంచులు కరిగి షార్ట్ అయ్యే ప్రమాదం ఎక్కువ. వాటిలో మొదటి గీతను లేజర్‌తో గీసినా, మిగతా రెండింటిని చాలాచోట్ల లోహపు సూదితో గీస్తారు.

హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో సీఐజీఎస్ పొరల మీద పరిశోధన జరుగుతోంది, లేజర్ ప్రాసెసింగ్‌కూ అక్కడ ఒక కేంద్రం ఉంది. తమిళనాడులో ఫస్ట్ సోలార్ 3.3 గిగావాట్ల కాడ్మియం టెల్యూరైడ్ కర్మాగారాన్ని 2024 జనవరిలో ప్రారంభించింది.

చివరి పని అంచులది. పలక చుట్టూ సుమారు సెంటీమీటరు మేర పొరలన్నిటినీ ఎక్కువ శక్తి గల లేజర్‌తో గాజు కనిపించేదాకా తుడిచేస్తారు. పొర అంచుదాకా ఉంటే తేమ దాని వెంట లోపలికి పాకుతుంది, కరెంటు ఫ్రేమ్‌లోకి కారుతుంది. కృష్ణా డెల్టా లాంటి ఉక్క ప్రాంతాల్లో ప్యానెల్ ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఆ ఖాళీ అంచు మీదా, దాన్ని మూసే సీలు మీదా చాలా ఆధారపడి ఉంటుంది.