యాజలి మేష్టారు, ఇరవై నాలుగు అంకెల సంఖ్య

అనకాపల్లి బెల్లం మార్కెట్లో మీ ముందు 60 దిమ్మలున్నాయనుకోండి. వాటిని సమానంగా కుప్పలు పెట్టాలి. షరతు ఒక్కటే: కుప్పల లెక్కకూ, ఒక్కో కుప్పలోని దిమ్మల లెక్కకూ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండకూడదు. 4 కుప్పలు, కుప్పకు 15 అంటే సరే. 6 కుప్పలు, కుప్పకు 10 అంటే చెల్లదు, రెండింటినీ 2 భాగిస్తుంది. షరతుకు నిలిచిన భాజకాలు, 60ని పక్కన పెడితే, 1, 3, 4, 5, 12, 15, 20. కూడి చూడండి, మళ్లీ 60!

ఇలాంటి భాజకాల గురించి ఆర్. వైద్యనాథస్వామి 1931లోనే రాశారు. 1960లో ఎక్‌ఫర్డ్ కోహెన్ వాటికి 'యూనిటరీ' అని పేరు పెట్టాడు. అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు ఆ వైద్యనాథస్వామి దగ్గరే డాక్టరేట్ చేశారు, అదీ గణితంలో వేరే శాఖలో. మద్రాసులో, తిరుపతిలో పాఠాలు చెప్పి, 1963లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయానికి చేరారు. గురువుగారు తాకిన భాజకాలు అక్కడ శిష్యుడి చేతిలో వేటగా మారాయి.

60 లాగే, తనను పక్కన పెట్టి మిగతా యూనిటరీ భాజకాలను కూడితే మళ్లీ తానే వచ్చే సంఖ్య 'యూనిటరీ పరిపూర్ణ సంఖ్య'. 1966లో ఎల్.జె. వారెన్‌తో కలిసి ఆయన అలాంటివి నాలుగింటిని లోకం ముందు పెట్టారు: 6, 60, 90, 87,360. బేసి సంఖ్యల్లో ఒక్కటీ దొరకదని నిరూపించారు కూడా. మరి ఐదోది?

ఒక్కో సంఖ్యనే పరీక్షిస్తూ పోతే జన్మలు చాలవు. దానికో కిటుకుంది. సంఖ్యను ప్రధాన సంఖ్యల ఘాతాలుగా విడగొట్టి, ప్రతి ఘాతానికీ 1 కలిపి, అన్నిటినీ గుణిస్తే అసలుకు సరిగ్గా రెట్టింపు రావాలి. 60 అంటే 4×3×5. ఒక్కోదానికి 1 కలిపితే 5×4×6, అంటే 120. కానీ 4 బదులు 8తో మొదలుపెట్టారా, దారి మూసుకుపోతుంది. 3లను సర్దబోతే 2లు మించిపోతాయి. ఇలా ఎన్ని దారులు వెతికినా చాలావరకు గోడకే తగులుతాయి.

పట్టు విడవనివాడు అమెరికా గణితజ్ఞుడు ఛార్లెస్ వాల్. 2ను 18 సార్లు వేసి గుణిస్తే 2,62,144. ఒకటి కలిపితే 5×13×37×109. 5ను నాలుగుసార్లు తీసుకుంటే 625, ఒకటి కలిపితే 2×313. 313కి ఒకటి కలిపితే 2×157. 157కి కలిపితే 2×79. 79కి కలిపితే 80, అందులో ఉన్నవి 2, 5 మాత్రమే! గొలుసు బయలుదేరిన ఇంటికే తిరిగొచ్చింది. మిగతా ప్రధాన సంఖ్యలూ అలాగే ఒదిగిపోయాయి. 1975లో అచ్చయిన ఆ ఐదో సంఖ్య ఇది:

1,46,36,19,46,18,64,58,56,25,60,000.

నాలుగోదానికి అంకెలు ఐదే, దీనికి ఇరవై నాలుగు. ఈ మధ్యలో మరొకటి లేదు.

ఇలాంటివి ఎప్పటికైనా పరిమితంగానే ఉంటాయని సుబ్బారావు ఊహ. కొత్తది తెచ్చినవారికి సంఖ్యకు 10 సెంట్లు ఇస్తానని ఆయన ప్రకటించారు. 2006లో, 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ పది సెంట్లు అడిగే అర్హత ఇప్పటికీ ఎవరికీ రాలేదు.