షోలాపురపు నేతపేటలు – కపాలపీడన విజ్ఞాన చరిత్ర

తెలంగాణపు పల్లెలనుండి జీవనార్థము తరలివచ్చిన పద్మశాలీలు షోలాపురమున సాఖరుపేట, దాజీపేట, భద్రావతిపేటలలో తరతరములుగా స్థిరపడిన సంగతి ప్రసిద్ధమే. 1877లో ఇచట నూలుమిల్లు వెలసినది. పిమ్మట చేమగ్గమునకు తోడు మరమగ్గము వచ్చినది. మరమగ్గమునుండి ఎగిరిన నాడె తలకు తగులుటయు, రక్తపోటు హెచ్చి మెదడులో రక్తనాళము చిట్లుటయు నేతగాని యింట సంభవింపగల ఆపదలే. అట్టి వేళ కపాలములో జరుగునదేమో తెలిసికొనుటకు లోకమునకు రెండు శతాబ్దములకు దగ్గరగా పట్టినది.

1783లో ఎడింబరో వైద్యుడు అలెగ్జాండర్ మన్రో కపాలము సాగని పెట్టె యనియు, అందలి రక్తపరిమాణము ఇంచుమించు స్థిరమనియు ప్రతిపాదించెను. 1824లో లీత్ పట్టణపు జార్జి కెల్లీ శవపరీక్షలతో దానిని బలపరచెను. మెదడు చుట్టునుండు ద్రవమును 1846లో జార్జి బర్రోస్ లెక్కలోనికి తెచ్చెను. మెదడు, రక్తము, ద్రవము – వీనిలో ఒకటి పెరిగినచో తక్కినవి తగ్గవలెను. తగ్గ వీలులేనప్పుడు పీడనము హెచ్చును.

అప్పుడు మెదడు చోటు వెదకుకొనుచు జరుగును. రెండు అర్ధగోళముల నడిమి పొర క్రిందుగా ప్రక్కకు ఒరుగుట ఒక విధము. చిన్నమెదడుపై గుడారమువలె నున్న పొర యంచు దాటి దిగుట రెండవది. అందు ఒక కంటిపాప పెద్దదై వెలుతురునకు ముడుచుకొనదు. మెదడు నడిభాగమంతయు క్రిందికి దిగజారుట మూడవది. చిన్నమెదడు కొనలు కపాలపు అడుగు రంధ్రమున చొచ్చుట నాల్గవది. ఊపిరి నడుపు కేంద్రము నలుగును గాన ఇది మిక్కిలి భయంకరము.

1901లో బెర్న్ నగరమున హార్వీ కుషింగ్ జంతువులపై పరీక్షించి, కపాలపీడనము హెచ్చినకొలది మెదడునకు రక్తమందించుటకై దేహమే తన రక్తపోటును పెంచుకొనునని చూపెను. సగటు రక్తపోటునుండి కపాలపీడనమును తీసివేయగా మిగులునదే మెదడునకు రక్తమును నెట్టు బలము. సగటు 90, కపాలపీడనము 10 అయినచో అది 80 మిల్లీమీటర్లు. కపాలపీడనము 40 అయినచో 50 మాత్రమే. ఈ పీడనమును రోగి మెదడులో నాళిక నిలిపి ఎడతెగక నమోదు చేయు విధానమును 1960లో స్వీడన్ వైద్యుడు నీల్స్ లుండ్‌బర్గ్ ప్రకటించెను.

షోలాపురమున 1963లో వైద్యకళాశాల ఏర్పడినది. మార్కండేయుని పేర సహకార రుగ్ణాలయమును వెలసినది. చికిత్స చేరువకు వచ్చినను, ఇంటివారు గుర్తింపవలసినది మిగిలియున్నది. తలనొప్పి, వాంతి, మగత, నాడి మందగించుట కనిపించినప్పుడు, చేతిపై కొలిచిన రక్తపోటు హెచ్చుగా నున్నదని ఇంట మాత్ర వేయుట మెదడు కోరి తెచ్చుకొన్న రక్తమును అడ్డగించుటయే కావచ్చును. పడుగు పోగు తెగినంతనే మగ్గమాపు మనవారు, తలకు దెబ్బ తగిలినవానిని నిద్రపుచ్చి తెల్లవారుదాక వేచియుండరాదు.