కొండసీమలలో వరదలు – గిరిజనుల పరస్పర సహాయము

ఋషి మూలమును, నదీ మూలమును విచారింపరాదని పెద్దలందురు. ఋషుల మాట యెట్లున్నను, నదుల విషయమున మూలమును విచారింపక తప్పదు. ఏలయన, పల్లపు సీమలో గట్టు తెంచుకొని పొలములను ముంచు వరదకు పుట్టినిల్లు ఎక్కడో కొండలలో నుండును. ఆ కొండలలో నివసించు జనులు వరదను అందరికంటె ముందుగా చూచుచున్నారు. వారి కష్టము మాత్రము అందరికంటె ఆలస్యముగా లోకమునకు తెలియుచున్నది.

తూర్పు కనుమలలోని అరకు లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, గదబలు, పోర్జాలు, కోదులు మున్నగు తెగలవారు ఈ లోయలోను, చుట్టుప్రక్కల కొండలలోను తరతరములుగా నివసించుచున్నారు. ఇచటి వాన రెండు దారులు పట్టును. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్నము వద్ద సముద్రమున కలియును. విశాఖపట్నపు వాసులు త్రాగు నీటిలో కొంత భాగము ఈ నదిదే. పడమటి వాలున పడిన నీరు మాచ్‌ఖండ్ నదిలో చేరును. 1955లో జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది ఈ నది మీదనే. అదియే దిగువన సీలేరు అను పేర ప్రవహించి శబరిలో కలియును. శబరి కూనవరము వద్ద గోదావరిలో కలియును. కావున కొండ మీద కురిసిన వానకు కోనసీమ వరకు చుట్టరికమున్నది.

కొండసీమ వరదలు రెండు విధములు. మొదటిది గెడ్డ పొంగు. పై కొండ మీద కుంభవృష్టి కురిసినచో, మోకాలిలోతు పారుచుండిన గెడ్డ కొన్ని గడియలలో నిలువులోతై బండరాళ్ళను సైతము దొర్లించుకొని పోవును. అది ఎంత వేగముగ పొంగునో అంత వేగముగ తీయును. అయినను ఆ కొద్ది కాలములోనే గెడ్డ అవతలి పల్లె సంతకును, బడికిని, ఆసుపత్రికిని దూరమగును. అట్టి సమయమున రోగులను, నిండు చూలాండ్రను డోలీలలో మోసికొని పోవుట నేటికిని కొండపల్లెలలో చూడవచ్చును. ఒక గడకు దుప్పటి కట్టి మనిషిని అందు పరుండబెట్టి, ఇద్దరిద్దరు వంతులు మార్చుకొనుచు మైళ్ళకొలది నడతురు. గెడ్డ దాటునపుడు ఒకరి చేయి యొకరు పట్టుకొని వరుసగా నిలిచి, డోలీని తలల కెత్తుకొని దాటింతురు. ఈ మోతకు కూలి లేదు. నేడు మోసినవాని ఇంట రేపు ఆపద వచ్చినచో, నేడు మోయించుకొన్నవాడు గడ పట్టవలెను. అది వ్రాతలో లేని చట్టము.

రెండవది మహానది వరద. గోదావరి పాపికొండల నడుమ ఇరుకు దారిని పోవలసి యున్నందున, వరద కాలమున నీరు వెనుకకు నిలుచును. ఆ నిండు గోదావరిలో చొరజాలక శబరి కూడ వెనుకకు తిరిగి పల్లములను ముంచును. దీనినే అచటివారు ఎగపోటు అందురు. కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు, దేవీపట్నము ప్రాంతముల కోయలకును, కొండరెడ్లకును ఎగపోటు కొత్తది కాదు. ఇది గెడ్డ పొంగువలె గడియలలో వచ్చునది కాదు. గడియలలో పోవునదియును కాదు. వచ్చుటకు వ్యవధి యిచ్చును. వచ్చిన పిమ్మట దినములకొలది కదలదు.

భద్రాచలము వద్ద గోదావరి నీటిమట్టము 43 అడుగులకు చేరినపుడు మొదటి హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు చేయుదురు. 1953 ఆగష్టులో ఆ మట్టము 72.5 అడుగులకు చేరినది. 1986 ఆగష్టు 16వ తేదీన 75.6 అడుగులు నమోదైనది. అంతకు మించిన వరద అచట నమోదు కాలేదు. ఆ యేటనే ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైబడిన నీరు సముద్రమునకు పరుగెత్తెను. 1990 ఆగష్టులో మరల 70 అడుగులు దాటినది. పెద్ద వరదలు ఆగష్టులోనే వచ్చునను నమ్మకము ఇట్లు జనులలో నాటుకొన్నది. కాని 2022లో జూలై నడుమనే 71.3 అడుగుల వరద వచ్చి, ఆ నమ్మకమును వమ్ము చేసినది.

ఈ వరదలలో కొండదాపు పల్లెవారు చేసిన మొదటి పని యొక్కటే: గుట్ట ఎక్కుట. పశువులను ముందు తోలుదురు. పిల్లలను, వృద్ధులను పిమ్మట చేర్తురు. గింజల బుట్టలను, వంట పాత్రలను భుజముల మీద మోసికొని పోవుదురు. వెదురు గడలు పాతి, పూర్వము ఆకులతోను, ఇటీవల టార్పాలిన్లతోను కప్పు వేసికొందురు. 2022 జూలైలో అనేక కుటుంబములు ఇట్లే దినములకొలది గుట్టల మీద కాలము గడపినవి. గుట్ట మీద నీ గింజ నా గింజ యను భేదము నిలువదు. ఉన్నవారి చోళ్ళు లేనివారి అంబలి యగును.

పల్లపు సీమవారికి ఇది సామాన్యముగ తోచవచ్చును. కాని ఇందులో మూడు కట్టుబాట్లు ఇమిడియున్నవి. ఇల్లు ఎచట కట్టవలెనో పెద్దలు నిర్ణయించుట మొదటిది. వెనుకటి వరద ఏ చెట్టు మొదలు తాకెనో, ఏ బండ వరకు వచ్చెనో వారికి గుర్తుండును. ఒకే పంటను నమ్ముకొనకుండుట రెండవది. పల్లపు వరి పోయినను మెట్ట మీద చోళ్ళు, సామలు, కందులు కొంత మిగులును. అడవిలో దుంపలు, చింతపండు దొరకును. వరద తీసిన పిమ్మట ఊరంతయు కూడి ఒక్కొక్క ఇంటిని వంతున నిలబెట్టుట మూడవది. ఇంటివాడు పెట్టునది భోజనము. తీర్చవలసినది బదులు పని. దానమైనచో పుచ్చుకొన్నవాడు తల వంచుకొనును. బదులైనచో ఇరువురును తలయెత్తుకొని తిరుగుదురు. కొండసీమ సహాయమునకు గల గౌరవము ఇందే యున్నది.

ఈ నీతి కొండలకే పరిమితమైనది కాదు. గోదావరి పొంగిన 1953లోనే, ఫిబ్రవరి 1వ తేదీ తెల్లవారుజామున, ఐరోపాలోని హాలెండు దేశమున సముద్రము గట్లు తెంచుకొని 1,836 మందిని పొట్టన పెట్టుకొనెను. ఆ దేశపు రైతులు పదమూడవ శతాబ్దము నుండియే గట్లను కాపాడుకొనుటకు నీటి సంఘములను ఏర్పరచుకొని యుండిరి. నా పొలము గట్టు తెగినచో నీ పొలము మునుగును కావున, గట్టు అందరిదను భావమే వాటికి పునాది. అయినను ఆ విపత్తు పిమ్మట ఊళ్ళ శక్తి చాలదని గ్రహించి, ప్రభుత్వము బ్రహ్మాండమైన అడ్డుకట్టలను దశాబ్దములపాటు నిర్మించినది. ఊరి సంఘము, ప్రభుత్వము ఒకదానికి మరియొకటి ప్రత్యామ్నాయము కావని ఆ చరిత్ర తెలుపుచున్నది.

అరకు సీమకు ఆ సత్యము 2014లో అనుభవమునకు వచ్చినది. ఆ యేడు అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటెను. అది ఒక పక్షి పేరు. మనము కుకుడుగువ్వ అందుము. ఆ గాలివాన కొండలనెక్కి మన్యమును అతలాకుతలము చేసినది. మ్రాకులు కూలి దారులు మూసికొనిపోయినవి. విద్యుత్తు, టెలిఫోనులు నిలిచిపోయినవి. పల్లెవారు గొడ్డళ్ళు పట్టి దారులు తెరచుకొనిరి. ఒకరి ఇంటి కప్పును మరియొకరు నేసిరి. కాని వేల ఎకరాల కాఫీ తోటలలో నీడనిచ్చు సిల్వర్ ఓక్ చెట్లు నేలకొరిగినవి. ఆ చెట్లకు ప్రాకించిన మిరియపు తీగలు వాటితోడనే పోయినవి. కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపునకు రాదు. నీడ చెట్టు ఎదుగుటకు ఇంకను ఎక్కువ కాలము పట్టును. ఒక ఇల్లు కూలినచో ఊరు నిలబెట్టగలదు. ఒక్కనాడే ఊరందరి తోటలు కూలినచో ఎవరు ఎవరికి బదులు చేయగలరు?

బదులు సహాయమునకు హద్దు ఇదియే. అందరును ఒక్కసారి మునిగినపుడు గట్టున నున్న చేయి కావలెను. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ, అటుపిమ్మట వచ్చిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు ఈ అవసరమును కొంత తీర్చుచున్నవి. సహకార సంస్థ డిపోలలో వానాకాలమునకు ముందే బియ్యము, ఉప్పు నిలువజేయుట మారుమూల పల్లెలకు ఎంతటి ప్రాణాధారమో, దారి తెగిన పల్లెవారిని అడిగినచో తెలియును.

ఇప్పుడు మరియొక ప్రశ్న వచ్చినది. 1981లో శంకుస్థాపన జరిగి, 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడిన పోలవరము కొరకు, గోదావరి, శబరి తీరములలోని అనేక కోయ, కొండరెడ్ల పల్లెలు స్థలము మారవలసియున్నది. 2021 జూన్‌లో నదీ ప్రవాహమును స్పిల్‌వే మీదుగా మళ్ళించిరి. ఇంటికి ఇల్లు, పొలమునకు పొలము లెక్కగట్టవచ్చును. కాని గెడ్డ పొంగిన రాత్రి ఎవరి గడపకు పరుగెత్తవలెనో తెలిసియుండుట ఏ లెక్కలో చేరును? ఊరిని ముక్కలు చేసి నాలుగు కాలనీలలో సర్దినచో, గోడలు మిగులును గాని బదులు మిగులదు. ఊరు కదలవలసివచ్చినచో మొత్తముగా కదలవలెను. ఇరుగుపొరుగులు ఇరుగుపొరుగులుగనే ఉండవలెను. ఇది దయ కాదు. వరద చరిత్ర నేర్పిన పాఠము.

ఏరు దాటి తెప్ప తగలవేసినట్లు, వరద తీసిన మరునాడే దానిని మరచుట మానవ స్వభావము. ఏ చెట్టు మొదలు వరకు నీరు వచ్చెనో తెలిసిన పెద్దలు ఒక్కొక్కరే రాలిపోవుచున్నారు. ఆ గుర్తులు వారితో పోకుండ నిలుపవలసిన చోటు గ్రామ గ్రంథాలయము. ఏయే యేట నీరు ఎంత వరకు వచ్చినది, ఎవరు ఎవరిని దాటించినది, ఏ గుట్ట మీద ఎన్ని దినములు తలదాచుకొన్నది ఒక పుస్తకమున వ్రాసి ఉంచినచో, రాబోవు తరమువారు ఇల్లు కట్టుకొనుటకు ముందు దానిని తిరుగవేయుదురు. అట్టి పుస్తకము బీరువాలోని కావ్యముల ప్రక్కన నిలువదగినదే. అది ఆ యూరి ప్రాణములను కాపాడు తెప్ప.